ఖాళీ పక్క, నిండు పక్క

వడ్లు రోడ్డును పగలగొట్టవు. ఆ ఎండాకాలంలో ఈ చిన్న వాక్యాన్ని నేను సర్పంచుకు చెప్పాను, ఠాణాలో చెప్పాను, చివరకు నా సొంత తమ్ముడికి కూడా చెప్పవలసి వచ్చింది. ఉద్యోగ జీవితమంతా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించినదాన్ని. పిల్లలు ఇటువంటి విషయాన్ని ఒక్క తరగతిలో గ్రహించేవారు. పెద్దలకు గ్రహించకపోవడంలో లాభం ఉంటుంది కనుక వారికి ఎక్కువసార్లు చెప్పాలి.

మా ఊరు కృష్ణ ఒడ్డుకూ ఆత్మకూరుకూ నడుమ ఉంది. రేవులో ఇసుక నింపుకున్న టిప్పర్లు మా ఇంటి ముందు నుంచే ఆత్మకూరు వైపు పోతాయి, దించేసి అదే దారిన తిరిగి వస్తాయి. అందువల్ల రోడ్డులోని రెండు సగాలకూ మా ఊళ్లో రెండు పేర్లు స్థిరపడ్డాయి. నిండు లారీలు పోయేది నిండు పక్క. ఖాళీ లారీలు వచ్చేది ఖాళీ పక్క. యాసంగి వరి కోసినప్పుడు వడ్లు ఆరబోసేది ఎప్పుడూ ఖాళీ పక్కనే. నిండు లారీ బ్రేకు వేసినా ముందుకే వస్తుంది. ఖాళీ లారీ ఆగుతుంది, లేదా తప్పుకుంటుంది. ఎవరూ రాసిపెట్టని ఈ నియమాన్ని ఊరికి వచ్చిన కొత్త కోడళ్లకు నాగులమ్మ నేర్పిస్తుంది. రోజంతా తన వడ్ల పక్కన గొడుగు వేసుకొని కూర్చునే ముసలామె. దగ్గరగా వచ్చిన ప్రతి డ్రైవరుతోనూ ఆమెకు పరాచికమే.

“ఓ కొడుకా, జర మెల్లగ పో. నా వడ్లు తొక్కినవనుకో, ఏడాది పొడుగూత నీ ఇంట్లనే బువ్వ తింట.”

రోడ్డు మీద వడ్లు పోయడాన్ని నేను సమర్థించను. రాశి చుట్టూ పెట్టిన రాళ్లకు తగిలి బండి మీద పోయేవాళ్లు పడ్డారు. కల్లానికి జాగా చూపించమని ఏళ్లుగా అడుగుతున్నవారిలో నేనూ ఉన్నాను. అది మరొక తగాదా. ఇక్కడ చెప్పేది పగుళ్ల సంగతి.

ఆ రోడ్డును చలికాలంలో కొత్తగా వేశారు. వేసింది కమలాకర్ అనే కాంట్రాక్టరు. అతనికి రోడ్డు పనులే కాదు, ఇసుక టిప్పర్లు కూడా ఉన్నాయి. నా తమ్ముడు బెంజమిన్ కొడుకు విజేందర్ ఆ టిప్పర్లలో ఒకదాన్ని నడిపేవాడు. ఉగాది నాటికి నిండు పక్క చక్రాల వరుసలో సన్నని గీతలు కనిపించాయి. ఆపైన వడగళ్ల వాన పడింది. నీళ్లు ఆ గీతల్లోకి దిగాయి. మే నెల వచ్చేసరికి గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి రోడ్డు ఉడుము తోలులా తయారైంది. కొన్నిచోట్ల ఆ పొలుసులు లేచి కింది కంకర బయటపడింది.

వేసిన రోడ్డు కొన్నేళ్లు చెడకుండా చూసుకోవడం వేసినవాడి పూచీ. ఎవరో పాడుచేశారని తేలితే ఆ పూచీ తీరిపోతుంది. కమలాకర్‌కు ఆ ‘ఎవరో’ కావలసి వచ్చింది.

మా బెంజమిన్ దొరికాడు.

ఒక మధ్యాహ్నం నేను ఆత్మకూరులో పింఛను పనిచూసుకొని ఇంటికి వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది. ట్రాక్టరు లేదు. మా వంశంలో మొదటి ట్రాక్టరు అది. మా నాయిన ఏసోబు ఇతరుల మోటలకు తోలు బొక్కెనలు కుట్టి మమ్మల్ని పెంచాడు. భూమి, ట్రాక్టరు మా తరంలోనే వచ్చాయి. మృగశిర కార్తెకు ముందే ఊరి దుక్కులన్నీ ఆ ట్రాక్టరు దున్నాలి. ఏడాది సంపాదనలో సగం ఆ నెలలోనే ఉంటుంది. మా మరదలు మల్లిక గుమ్మంలో కూర్చొని జరిగినది చెప్పింది. కమలాకర్, రోడ్ల శాఖ ఇంజినీరుతో కలిసి వచ్చాడట. వడ్లకు ఫొటోలు తీశారట. బురద మడిలో దమ్ము చేసే ఇనుప చక్రాలతో రోడ్డు మీద తోలి పగలగొట్టాడని బెంజమిన్ మీద ఫిర్యాదు ఇచ్చారట. ఠాణా వాళ్లు వచ్చి ట్రాక్టరు తోలుకుపోయారు. రోడ్డు పాడుచేసింది తానేనని బెంజమిన్ సంతకం చేస్తే వదులుతారట.

బెంజమిన్ వాకిట్లో తల దించుకొని నిలబడి ఉన్నాడు.

“తోలినవా?” అని అడిగాను.

“తోలిన అక్కా. యాసంగి నాట్లప్పుడు దమ్ము చేసి పొద్దుగూకింది. చక్రాలు ఊడదీసుడు తిప్పలని గట్లనే రోడ్డెక్కిన. తప్పు తప్పే గదా.”

“ఎక్కడి నుంచి ఎక్కడి దాక?”

“మన బాయికాడి బాట నుంచి ఇంటి దాక.”

“పగుళ్లు ఎక్కడి దాక ఉన్నయి?”

అతడు రోడ్డు వైపు చూసి, “ఆత్మకూరు దాక” అన్నాడు.

“నువ్వు ఆత్మకూరు దాక దమ్ము చేసినవా?”

మల్లికకు నవ్వు రాలేదు. ఆమె లేచి నా ముందు నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నాకు ఎదురు చెప్పని మనిషి.

“వదినె, నీ చదువు నీకుంటది. మాకు ట్రాక్టర్ కావాలె. ఒక్క సంతకానికి వచ్చేదుంటే ఇన్ని ముచ్చట్లెందుకు?”

ఆ సంతకం తరువాత ఏం జరుగుతుందో చెప్పాను. ఒక రైతు ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే. రోడ్డును మళ్లీ ఎవరూ వేయరు. పాడుచేసినవాళ్లమన్న మాట మిగులుతుంది, దాన్ని అడ్డం పెట్టి కేసు ఎప్పుడైనా తిరగదోడవచ్చు. మల్లిక విన్నది. విని, “మృగశిర ఆగుతదా?” అన్నది.

మరునాడు పొద్దున్నే బెంజమిన్‌ను వెంటబెట్టుకొని రోడ్డు మీదకు తీసుకుపోయాను. అతడు తోలిన చోట ఇనుప పళ్ల గుర్తులు స్పష్టంగానే ఉన్నాయి. దువ్వెనతో గీరినట్టు అడ్డంగా, వేలిగోరు దిగేటంత లోతు. ఆ గుర్తులు ఎక్కడా పగులుగా మారలేదు. అసలు పగుళ్లు నిలువుగా, చక్రం పోయే వరుసలోనే పుట్టి అక్కడే అల్లుకున్నాయి. వంగి రెండింటినీ వేలితో చూపించాను. ఇది నీది, ఇది నీది కాదు అని. నేను నీది అన్నదాన్నే అతడు ఎక్కువసేపు చూశాడు. చేసిన చిన్న తప్పు కళ్లముందు ఉన్నప్పుడు చేయని పెద్ద తప్పును మోయడానికి కూడా సిద్ధపడే మనుషులు మావాళ్లు. తరతరాలుగా ఎదుటివాడు తప్పన్నదల్లా తప్పుగా ఒప్పుకొని బతికాం. ఆ అలవాటు మీద నాకు కోపం. అలవాటు చేసినవాళ్ల మీద అంతకంటే ఎక్కువ కోపం.

“నాయిన బొక్కెన యాదికున్నదా?” అని అడిగాను.

“ఉన్నది.”

“ఎక్కడ పగిలేది?”

“మడత కాడ. లోపటి దిక్కు నుంచి.”

“ఎందుకు?”

“నూనె పట్టియ్యక ఎండకు బిర్రబిగుస్తది. బరువుకు వంగినప్పుడు ఇగ ఆడనే పగులుతది.”

నేను పాఠ్యపుస్తకంలో చదివినదీ ఇదే. తారు అంటే రాళ్లను పట్టి ఉంచే జిగురు. మిట్టమధ్యాహ్నం అది మెత్తబడుతుంది, బరువు చక్రాలు దాన్ని పక్కలకు నెట్టి గాడి చేస్తాయి. రోజుల తరబడి ఎండలో కాగితే అందులోని జిడ్డు తగ్గి పెళుసుబారుతుంది. దాని మీద బరువు పోయిన ప్రతిసారీ రోడ్డు మనకు కనిపించనంత కొద్దిగా వంగి మళ్లీ లేస్తుంది. మోయవలసినదానికి మించి మోస్తే ఎక్కువ వంగుతుంది, పొర పలచగా ఉంటే మరీ వంగుతుంది. మొదటి పగులు అడుగున పుట్టి పైకి పాకుతుంది. పైన కనిపించేనాటికి లోపల ఆట ముగిసినట్టే. మా నాయినకు తోలు సంగతి ఎంత బాగా తెలుసో అంత బాగా తెలిసినవాళ్లు ఈ రోడ్డు వేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బెంజమిన్ ఇంటికి నడిచాడు. సంతకం మాట ఆ రోజు ఎత్తలేదు. పెట్టననీ అనలేదు.

విజేందర్ మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. ఆ పూట టిప్పరును వేపచెట్టు నీడన ఆపి లోపలికి వచ్చాడు. మల్లిక బావి దగ్గర ఉంది. నేనే వడ్డించాను. రెండు ముద్దలు తిని, నా ముఖం చూడకుండా చెప్పాడు.

“కమలాకర్ సారు నాతోని అన్నడు అత్తా. బాపు సంతకం పెడితే ట్రాక్టర్ రేపే ఇడిపిస్తడట.”

“పెట్టకపోతే?”

“నా బండి తాళం ఇంకొకనికి ఇస్తడట.”

బెదిరింపును అతడు కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు. ఆ బండి మీద ఉద్యోగం వచ్చాకనే వాడికి సంబంధాలు రావడం మొదలైంది. ఆ సంగతి నాకూ తెలుసు.

“నీ బండిల ఇసుక ఎంత పోస్తరు?”

“పట్టినంత.”

“పట్టకపోతే?”

ఈసారి నవ్వాడు. “పలకలు కడ్తరు.” తొట్టి అంచుల మీద చెక్క పలకలు నిలబెట్టి, వాటి పైదాకా పోసి, టార్పాలిను కప్పుతారు. బయటినుంచి చూస్తే అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి.

కొద్దిసేపటికి తనంతట తానే మళ్లీ అన్నాడు. “పగటీలి ఎండల పోతుంటే స్టీరింగ్ పట్టుకునే పనే లేదత్తా. గాడిల పడ్డదంటే గదే తీస్కపోతది. మన మూలమలుపు కాడ రోడ్డు కిందికి దిగినట్టయితది. కూసున్నోనికి తెలుస్తది.”

“మరి ఆ గాడి ఎవరు చేసిండ్రో తెలుసా?”

“తెల్వక కాదు” అని చేయి కడుక్కున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే ఆ పని వదిలెయ్యమని అడిగినట్టే. ఆ మాట అనే హక్కు పింఛను వచ్చే మనిషికి లేదు.

రోహిణి కార్తె మొదలైన వారంలో ఇంజినీరు విచారణకు వస్తున్నాడని కబురు వచ్చింది. మొన్న వడ్లకు ఫొటోలు తీసినవాడే, పేరు అమరేందర్. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఎండకు ముఖం కమిలి ఉంది. కమలాకర్ తెల్ల చొక్కాతో కారు దిగాడు. సర్పంచు, ఠాణా నుంచి ఒకరు, వడ్లు ఇంకా అమ్ముడుపోని రైతులందరూ వచ్చారు. వానకు తడిసిన వడ్లు కొనుగోలు కేంద్రంలో ఎవరూ తీసుకోనందున ఖాళీ పక్క ఆ మూలమలుపు పొడవునా పసుపుపచ్చగా పరుచుకొని ఉంది. పక్కనే నిండు పక్క ఉడుము తోలు.

కమలాకర్ మర్యాదగానే మాట్లాడాడు. తాను రైతులకు శత్రువును కాదన్నాడు. పచ్చి వడ్ల తడి రోడ్డులోకి దిగుతుందని, ఇనుప చక్రాలు తారును కోస్తాయని, ఒక్కరు ఒప్పుకుంటే తాను పైవాళ్లతో మాట్లాడి కేసు లేకుండా చూస్తానని చెప్పాడు. జేబులోంచి కలం తీసి బెంజమిన్ వైపు చాపాడు. బెంజమిన్ దాన్ని అందుకున్నాడు.

“ఒక్క నిమిషం ఆగు తమ్మీ,” అన్నాను. “ఇంజినీరు సారు రోడ్డు చూసిన తర్వాత పెడుదువు. ఆయన ఇంతవరకు వడ్లనే చూసిండు.”

వడ్లు ఒకచోట పక్కకు తియ్యమని అడిగాను. ఎవరూ కదలలేదు. ఎండిన వడ్లను మళ్లీ కుప్ప చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అప్పుడు మల్లిక ముందుకు వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, పక్కనున్న కర్రపార తీసుకొని తన వడ్లనే లాగడం మొదలుపెట్టింది.

“ఏమే మల్లికా, పెండ్లిపిల్ల లెక్క రోడ్డు ముఖం చూపెడుతున్నవా? కట్నం ఏమిస్తరట?” అన్నది నాగులమ్మ గొడుగు కింద నుంచి. రైతులు నవ్వారు. కానీ నాగులమ్మ కూడా లేచి, తన రాశి వైపు నుంచి చీపురుతో ఊడ్వసాగింది.

వడ్ల కింద రోడ్డు నల్లగా, నునుపుగా ఉంది. వెంట్రుకంత పగులు లేదు. ఒక మూల బెంజమిన్ ఇనుప చక్రాల గీతలు మాత్రం ఉన్నాయి. అవి కూడా చూడమన్నాను. దాచవలసినది ఏమీ లేదు. అమరేందర్ వంగి, ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. లేచి అవతలి సగం వైపు చూశాడు.

“వడ్లు పోసిన దిక్కు రోడ్డు మంచిగున్నది. వడ్లు ఎన్నడూ పొయ్యని దిక్కు పగిలింది. తడి దిగేది ఎటు దిక్కు సార్?” అని అడిగాను.

కమలాకర్ చిరునవ్వు చెరగలేదు. “టీచరమ్మా, రోహిణి ఎండలకు రోళ్లే పగులుతయంటరు. రోడ్డు పగలదా? వడ్లు కప్పిన దిక్కు నీడ ఉన్నది, బతికింది. కప్పని దిక్కు ఎండకు పగిలింది. సూర్యునికి నోటీసు ఇస్తమా?”

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. నేనే కాంట్రాక్టరునైతే నేనూ అదే అనేదాన్ని. అందుకే అందరినీ మలుపు దాటించి ముందుకు నడిపించాను. అక్కడ రెండు వైపులా గుట్టబోడు. పొలాలు లేవు, వడ్లు లేవు, చెట్టు నీడ లేదు. ఒకే రోజున, ఒకే తారుతో వేసిన రోడ్డు మీద ఒకే ఎండ పడుతోంది. నిండు పక్క పగిలి ఉంది. ఖాళీ పక్క పగలలేదు.

“ఎండకు పక్షపాతం ఉన్నదా కమలాకర్ గారూ? ఎండ తారును మెత్త చేసింది, పెళుసు చేసింది. కాదనను. రెండు పక్కలా చేసింది. దాన్ని వంచి పగలగొట్టిన బరువు ఒక్క పక్కన్నే పోతాంది.”

అమరేందర్ మెల్లగా, నేలవైపు చూస్తూ అన్నాడు. “మేడమ్, మీరన్నది నాకు అర్థమైంది. కానీ లారీలన్నీ అనుమతి ఉన్న బరువుతోనే పోతున్నయని కాగితాలున్నయి. బరువు ఎక్కువని నేను కంటితో చూసి రాయలేను.”

కమలాకర్ కారు తలుపు తీశాడు. ఆ కలం ఇంకా బెంజమిన్ చేతిలోనే ఉంది. ఆ క్షణంలో నా చదువుకు చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు.

రేవు వైపు నుంచి ఒక టిప్పరు వచ్చింది. మలుపు దగ్గర వేగం తగ్గించి, మా ముందుకు వచ్చి ఆగింది. మిట్టమధ్యాహ్నం. ఆగిన చక్రాల కింద మెత్తబడిన తారు పక్కలకు ఉబ్బడం నిలబడ్డ అందరికీ కనిపించింది. విజేందర్ అద్దంలోంచి ముందు తండ్రిని చూశాడు, తరువాత తండ్రి చేతిలోని కలాన్ని చూశాడు.

“ఏం చూస్తున్నవ్? బండి తియ్” అన్నాడు కమలాకర్.

“తీస్తున్న సార్” అన్నాడు విజేందర్. వంగి అవతలి తలుపు గడియ తీశాడు. “బాపూ, ఎక్కు. ఇంజినీరు సారూ, మీరు గూడ ఎక్కుండ్రి. ఆత్మకూరు ధర్మకాంటా కాడ ఆపుత.”

బెంజమిన్ కలాన్ని కమలాకర్‌కు తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు దాని మూత పెట్టి ఇచ్చాడు. తరువాత ఎక్కాడు. అమరేందర్ ఒక క్షణం తటపటాయించి అతడూ ఎక్కాడు. ఎవరూ అడ్డుకోలేదు. అంతమంది చూస్తుండగా అడ్డుకోవడం కూడా ఒప్పుకోవడమే అవుతుందని కమలాకర్‌కు తెలియనిది కాదు.

లారీలు తూచే ఆ కాంటా మీద బండి, అనుమతి ఉన్నదానికి దాదాపు రెండింతలు తూగింది. పలకలు విప్పించి అమరేందర్ ఫొటోలు తీశాడు. ఈసారి తియ్యవలసినవాటికే తీశాడు.

సాయంత్రం తండ్రీ కొడుకులు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. టిప్పరు తాళం ఏమైందని మల్లిక అడగలేదు. రెండు పళ్లాలు పెట్టి వడ్డించింది. తరువాత నా దగ్గరకు వచ్చి, “వదినె, నువ్వు గూడ తిను” అన్నది. ఆ మాటలో ఉన్నదంతా నాకు అర్థమైంది. కొడుకు కొలువు పోయిందన్న బాధ, మొగుడు తలెత్తుకొని బస్సు దిగాడన్న తృప్తి, వీటన్నిటికీ కారణమైన నా మీద ఇంకా ఆరని కోపం. మూడూ న్యాయమైనవే.

ట్రాక్టరు మృగశిరకు ముందే వచ్చింది. దాన్ని ఠాణా నుంచి తోలుకొచ్చింది విజేందర్. అప్పటి నుంచీ దాన్ని వాడే నడుపుతున్నాడు. నిండు పక్కను కమలాకర్ తన ఖర్చుతోనే తవ్వి మళ్లీ వేయవలసి వచ్చింది. ఈసారి కింది కంకరను రోలరుతో గట్టిగా తొక్కించారు. అమరేందర్ దగ్గరుండి చూశాడు. పలకలు కట్టిన టిప్పర్లు కొన్నాళ్లు కనిపించలేదు. తరువాత వేరే యజమానివి ఒకటి రెండు కనిపించాయి. వాటి నంబర్లు చదవడానికి నా కళ్లద్దాలు ఇంకా బాగానే పనికొస్తున్నాయి. అమరేందర్ ఫోన్ నంబరు నా దగ్గరుంది.

మొన్నటి యాసంగి నాట్ల ముందు నేను గుమ్మంలో కూర్చొని ఉన్నాను. దమ్ము ముగించిన ట్రాక్టరు బావి బాటలో వచ్చి, రోడ్డు అంచున ఆగింది. బెంజమిన్ దిగి బురద చేతులతో ఇనుప చక్రాల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. అది తొందరగా అయ్యే పని కాదు. విజేందర్ కాసేపు ఓపిక పట్టి విసుక్కున్నాడు.

“గీ జరంత దూరానికా బాపూ? ఇల్లు గదో కనబడుతాంది. తోలుత, ఎవలు చూస్తరు?”

బెంజమిన్ తల ఎత్తలేదు. పానా తిప్పుతూనే అన్నాడు.

“మనది మనం చూస్కోవాలె. వాళ్లది మీ అత్త చూస్కుంటది.”